రాణి చేతిలో కత్తి ఎందుకు పెట్టారు

"...అలాగ కోట సుట్టూ ముట్టడేసి కూకున్నారమ్మా శత్రువులు. బయటోడు లోనికెల్లడానికి లేదు, లోనోడు బయటికి రాడానికి లేదు. కోటలో బియ్యం అయిపోనాయి. సోళ్ళ గింజలు అయిపోనాయి. కిరసనాయిలు లేదు. ఏనుక్కి మేత లేదు. రాజుగోరింట్లోనే గంజి కాసుకుంటన్నారంటే మిగతావోళ్ళ మాటేటి?"

సినిమా హాలు జట్కా మా వీధి మొగలో ఆగి ఉంది. ఆవిడ బండి మీద నిలబడి, కొంగు నడుముకి బిగించి, రేకు బూరా మూతికి ఆనించుకుని చెప్తోంది. నేను పిండి చేతులతోనే పరుగెత్తాను. మా అత్తగారు "ఒసే, పొయ్యి మీద పెనం ఉందే" అని నన్ను కేకలేస్తూనే, నాకంటే ముందొచ్చి అరుగు మీద నిలబడ్డారు. అప్పటికి మాకూ బియ్యానికి రేషను పెట్టి చాలా రోజులైంది. బియ్యం అయిపోయాయంటే ఆ కోటలో ఏమవుతుందో వీధిలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

"మరి ఏనుగునేటి చేసేరు?" అని అడిగారు అత్తగారు, ఉండబట్టలేక.

ఆవిడ బూరా దించింది. అత్తగారికేసి జాలిగా చూసింది. "ఆ సంగతి శుక్రోరం తెలుత్తాదప్పా. ఆడోళ్ళకి బెంచీలు ఏరే ఉన్నాయి, మద్దిని తెర కట్టేరు." బండి తోలే మొగుడి భుజం మీద వేలితో తట్టింది. బండి కదిలింది.

పెనం మీద అట్టు బొగ్గయింది. అత్తగారు ఒక్క మాట అనలేదు. అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగి, "ఏనుగుని కోసుకు తినరు కదే?" అన్నారు. శుక్రవారం మేమిద్దరం వెళ్ళాం. సినిమాలో ఏనుగు ఉంది కానీ మేత సంగతే ఎవరూ ఎత్తలేదు.

ఆవిడ పోయిందని మొన్న తెలిసింది. ఎక్కడ పుట్టిందో, ఎంత చదివిందో నాకు తెలీదు. కశింకోట వైపు పిల్లని కొందరు, కాదు విశాఖపట్నంలో బాంబులు పడ్డప్పుడు ఇటు వచ్చేసినవాళ్ళలో మనిషని కొందరు. ఆదివారం మాత్రం ఆ బండి కదిలేది కాదు. ఆవిడ చర్చికి వెళ్ళేది. అక్కడ ఆవిడ పాట ఎత్తుకుంటే పక్కన నిలబడ్డవాళ్ళు పెదాలు మాత్రం కదిపేవారట. మా వీధిలో చిన్నాపెద్దా అందరం పిన్నీ అనే పిలిచేవాళ్ళం.

ముందు ఆ బండి మీద అరిచేది వాళ్ళాయనే. ఆయనది అందరి పద్ధతే. "కత్తియుద్ధాలు, గుర్రపు స్వారీలు, ఏనుగుల పోరాటాలు, నేడే చూడండి." ఏ సినిమాకైనా అవే మాటలు. గొంతుకి ఏదో జబ్బు చేసి ఆయన మాట గుసగుసకి దిగిపోయింది. ఇంకో మనిషి దొరికేదాకా అని ఆవిడ బూరా అందుకుంది. ఆడమనిషి బండెక్కి వీధుల్లో అరవడమేమిటని ఊళ్ళో నాలుగురోజులు ముక్కు మీద వేలేసుకున్నారు. ఆ తర్వాత ఆ వేలు తీసి చెవి దగ్గర పెట్టుకుని వినడం మొదలెట్టారు. ఇంకో మనిషి దొరకనూ లేదు, ఎవరూ వెతకనూ లేదు.

యుద్ధం రోజులు కదా, కాగితం దొరికేది కాదు. ఇదివరకు గుప్పిళ్ళతో విసిరే కరపత్రాలు ఆగిపోయాయి. గోడకంటించే బొమ్మలు కూడా మద్రాసు నుంచి ఊరికి ఒకటో రెండో వచ్చేవి. గోడకి అంటిస్తే ఆవులు తినేస్తాయని ఒకదాన్ని చాపకి కుట్టి బండి పక్కన కట్టేవారు. ఊరికి కనిపించేది ఆ ఒక్క బొమ్మ, వినిపించేది ఆవిడ గొంతు.

ఇందులో ఇంకో సంగతుంది, అది తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. బొమ్మ ముందొస్తుంది. సినిమా డబ్బాలు బెజవాడ నుంచి రైల్లో ఆట రోజునే దిగుతాయి. కాబట్టి బండి మీద అరిచే మనిషి సినిమా చూసి అరవడమన్నది ఉండదు. బొమ్మ చూసే అరవాలి. వాళ్ళాయన అందుకే ఎందులోనైనా ఇమిడే మాటలు అరిచేవాడు. ఆవిడకది నచ్చలేదు.

"పప్పులోనూ అదే ముక్క, పులుసులోనూ అదే ముక్కా? తినీవోడికి ఇసుగు రాదేటి?" అంది నాతో.

వాళ్ళ గుర్రపుసాల మా దొడ్డి గోడకి అవతలే. కొత్త బొమ్మ వచ్చిందంటే నేను అంట్లు పడేసి గోడ పక్కకి చేరిపోయేదాన్ని. ఆవిడ బొమ్మని నేల మీద పరిచి, మూలలకి రాళ్ళు పెట్టి, గొంతుక్కూర్చునేది. ముందు చేసే పని, హీరో మొహం మీద అరచెయ్యి పెట్టి మూసెయ్యడం.

"ఈడి మొకం అందరికీ తెలిసిందే. ఈణ్ణి తీసెయ్. మిగిలిందేటో సూడు."

మిగిలింది చూస్తూ తనలో తను ప్రశ్నలేసుకునేది. ఈ గుర్రం ఎందుకలా వెనక్కి చూస్తోంది? ఈ ముసలాడి కాలికి చెప్పు ఒకటే ఉందేం? రెండోది ఎక్కడ ఊడింది? యుద్ధానికి వెళ్తూ ఊడిందా, పారిపోతూ ఊడిందా? నాకు నవ్వొచ్చేది. నవ్వితే కోపగించుకునేది కాదు. "నవ్వు. శుక్రోరం నువ్వే ముందొత్తావు" అనేది. నిజమే, నేనే ముందు వెళ్ళేదాన్ని.

ఒకసారి ఒక బొమ్మలో రాజు వెనక సైనికులందరికీ ఒకటే మొహం ఉంది. గీసినవాడికి ఓపిక లేక ఒకే మొహం వరసగా గీసుకుపోయాడు. మామూలు కళ్ళకి అది కనిపించదు. ఆవిడకి కనిపించింది. కనిపించి, వాళ్ళందరూ ఒక తల్లి బిడ్డలని తేల్చేసింది. ఆ వారమంతా వీధివీధికీ ఆ తల్లి కథే. పెద్దాడు వెళ్ళాడు, రెండోవాడు వెళ్ళాడు, కడగొట్టువాడు మిగిలాడు, వాణ్ణి కూడా రమ్మని రాజు కబురంపాడు, ఆ తల్లి గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. అక్కడ ఆపేసి బండి పోనిచ్చేది. మా వీధిలో ఒకావిడ కొడుకు అప్పటికే పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. ఆవిడ కళ్ళొత్తుకుంటూ లోపలికి పోయింది, శుక్రవారం అందరికంటే ముందు బెంచీలో కూర్చుంది.

సినిమాలో తల్లీ లేదు, గుమ్మమూ లేదు. బయటికొచ్చాక మేమంతా ఏం చెయ్యాలో తెలీక ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. మా అత్తగారే తేల్చారు. "సినిమా మొదలవ్వకముందే పోయుంటాది పాపం ఆ తల్లి" అన్నారు. అందరూ తలలూపారు. ఎవరూ మోసపోయామనుకోలేదు. సినిమావాళ్ళు ఏదో వదిలేశారనే అనుకున్నాం.

రాణి బొమ్మ వచ్చిన రోజు నేను గోడ దూకినంత పని చేశాను. రాజు గుర్రం మీద పెద్దగా ఉన్నాడు. అతని భుజం వెనక రాణి, కత్తి పైకెత్తి, నోరు తెరిచి. పిన్ని రాజు మీద చెయ్యి పెట్టింది. వంగి రాణి నోటికేసి చూసింది.

"ఈ పిల్ల అరుత్తన్నాది. ఏటంటన్నాది?"

"భయపడి అరుస్తోందేమో పిన్నీ" అన్నాను.

"బయపడ్డది ఇలాగ పట్టుకుంటాదా? ఆ పిడికిలి సూడు. నీ సేతికి అట్లకాడిత్తే నువ్వెలాగ పడతావు? పని తెలిసిన సెయ్యి ఇది."

ఆ వారంలోనే హాల్లో ట్రైలరని ఒకటి వేశారు. అసలు సినిమాకి ముందు, రాబోయే దాంట్లోంచి ముక్కలు కోసి చూపిస్తారు. గుర్రాలు పరుగెత్తాయి, పెద్దపెద్ద అక్షరాలు మన మీదకి ఎగిరొచ్చాయి, కత్తులు ఖణఖణమన్నాయి. ఆ హడావుడిలో రెప్పపాటు సేపు రాణి కనిపించింది. ఒరలోంచి కత్తి సర్రున దూసింది. అంతే, చీకటి. ఆడవాళ్ళ వైపు గాజుల చప్పుడు కూడా ఆగిపోయింది. పిన్ని ఆ రోజు మా బెంచీలోనే ఉంది. నా మోచేతి మీద గిల్లింది. భయపడి అరుస్తోందన్న మాట నేనూ అక్కడితో వదిలేశాను.

ఇక ఆ వారం ఊళ్ళో ఆవిడ చెప్పిన కథ నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"రాజు పడిపోనాడు. సైన్యం ఎనక్కి తిరిగిపోతన్నాది. శత్రువు గుమ్మం కాడికి వచ్చీసినాడు. అప్పుడు రాణి దిగొచ్చింది. కోట తలుపు తియ్యమంది. కాపలావోడు తియ్యడు. 'అమ్మా, ఆడదానివి' అన్నాడు. 'ఆడదాన్నే. తలుపు తియ్యి' అంది."

అక్కడ బూరా దించి, బండి మీద కూర్చుండిపోయేది. ఇంక ఎవరెంత అడిగినా ఒక్క ముక్క చెప్పేది కాదు.

చెప్పొద్దూ, ఆ మాట ఊరినంతా పట్టుకుంది. స్నానాలగది దగ్గర ఆడపిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు "ఆడదాన్నే, తలుపు తియ్యి" అనుకునేవారు. ఒకనాడు మావగారు బజారు నుంచి వచ్చి, వీధి తలుపు గడియ వేసి ఉయ్యాల బల్ల మీద నడుం వాల్చారు. అత్తగారు పెరట్లోంచి చుట్టూ తిరిగొచ్చి బయట నిలబడి అదే మాట అన్నారు. మావగారు నోరు తెరిచి తలుపు తీశారు. ముప్ఫై ఏళ్ళ కాపరంలో అత్తగారు ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

శుక్రవారం మా ఊళ్ళో గవరపాలెం పేట ఆడవాళ్ళంతా హాలు ముందే ఉన్నారు. కశింకోట నుంచి ఎడ్లబళ్ళు కట్టుకొచ్చారు. ఆడవాళ్ళ బెంచీలు చాలక, మధ్య తెరని మగవాళ్ళ వైపుకి జరిపారు. మగవాళ్ళు గొణిగారు. ఎవరూ పట్టించుకోలేదు.

సినిమా మొదలైంది. రాణి కత్తి దూసింది. సర్రున, ట్రైలర్లో దూసినట్టే. దూసి, కళ్ళకద్దుకుని, రాజు చేతిలో పెట్టింది. అతని నుదుట బొట్టు పెట్టింది. అతను వెళ్ళిపోయాడు. ఆవిడ దీపం ముందు కూర్చుంది. ఇక కూర్చునే ఉంది.

అప్పటికీ మేం ఆశ వదల్లేదు. రాజు ఎప్పుడు పడతాడా అని చూస్తున్నాం. పడ్డాడు. "ఇప్పుడు సూడు" అంది నా వెనకావిడ. అందరం ముందుకి వంగాం. రాజు తనంతట తనే లేచాడు. దుమ్ము దులుపుకుని గుర్రమెక్కాడు. రాణి దీపంలో నూనె పోసింది.

అప్పుడు కశింకోట బళ్ళలో వచ్చిన ఒక ముసలమ్మ లేచి నిలబడి తెరకేసి చెయ్యి చాపింది. "లెగవే. తలుపు తియ్యమనవే" అంది.  తర్వాత ఆడవాళ్ళ వైపంతా అదే మాట. నేనూ అరిచాను. పక్కన మా అత్తగారు బెంచీ చరుస్తున్నారు. అవతల మగవాళ్ళు ఈలలేశారు. రాజు గెలిచొచ్చి ఏం చెప్పాడో ఒక్కరికీ వినపడలేదు.

ఆ సినిమా కంపెనీ మనిషి ఆ రోజు హాల్లోనే ఉన్నాడట, ఆట అయ్యాక హాలు మేనేజరుని నిలదీశాడట. మర్నాడు మేనేజరు పిన్నిని పిలిపించాడు. మేనేజరుది బెజవాడ వైపు ఊరు, మాట మెత్తన. హాలు ముందు, అందరూ వింటుండగా చెప్పాడు. "చూడమ్మా, లేని కథ చెప్పి ఊరిని మోసం చేశావు. వాళ్ళూ వీళ్ళూ వచ్చి నన్నడుగుతున్నారు. ప్రతి వీధిలో బండి ఆపి, నేను చెప్పింది అబద్ధం, క్షమించండి అని నువ్వే చెప్పాలి. చెప్తే బండి నీది. లేదంటే ఇవాళే దిగిపో."

వాళ్ళాయనకి గొంతు లేదు. ఇద్దరి కడుపులూ, గుర్రం కడుపూ ఆ బూరా మీదే ఉన్నాయి. అది అక్కడున్న అందరికీ తెలుసు. పిన్ని తలూపి బండెక్కింది. ఆవిడ సరిగ్గా చెప్తుందో లేదో వినడానికి హాలు గుమస్తా ఒకడు వెనక కూర్చున్నాడు.

మొదట ఆగింది మా వీధిలోనే. అందరం బయటికొచ్చాం. నాకు ఆవిడ మొహంకేసి చూడాలంటే భయమేసింది. ఈ మనిషి నోట ఆ మాట వింటే మా నోళ్ళన్నీ కూడా అబద్ధమయిపోతాయనిపించింది. నిన్న అరిచింది మేం కాదూ?

ఆవిడ బూరా ఎత్తింది. "అమ్మలారా. రాణి కోట తలుపు తియ్యమంటాదని సెప్పేను. అన్లేదు. మీరు సూసేరు, నానూ సూసేను."

గుమస్తా బాగానే ఉందన్నట్టు తలాడించాడు.

"నాను అబద్దం సెప్పేనని ఒప్పుకోమన్నారు. సరే, ఆలోసించేను. బొమ్మలో ఆ పిల్ల సేతిలో కత్తెవులు పెట్టేరు? నానా? ట్రైలర్లో సర్రుమని దూయించినోళ్ళెవులు? నానా? ఆ కత్తి సూపించే మిమ్మల్నందరినీ పిలిసేరు. బొమ్మ సెప్పింది, ట్రైలరు సెప్పింది, నానూ సెప్పేను. ముగ్గురిలో నన్నొక్కదాన్నే దిగమంటన్నారు."

"ఏయ్, అది కాదు నిన్ను చెప్పమన్నది" అన్నాడు గుమస్తా.

"నువ్వుండు బాబూ, మద్దిని రాకు." మళ్ళీ బూరా ఎత్తింది. "ఆడదాని సేతికి కత్తిచ్చి ఊరంతా సూపించి, తీరా వచ్చేక దీపం కాడ కూకోబెట్టినోళ్ళు సెప్పాల క్షమాపణ. ఆలొచ్చి సెప్పమనండి, నాను బూరా పట్టుకుంటాను. నాను సెప్పిన కతే కత. ఆలే తప్పు తీసేరు."

"దిగమ్మా నువ్వు బండి" అన్నాడు గుమస్తా, మొహం ఎర్రగా చేసుకుని.

"దిగుతాను. తొందరేటి? ఇంకా సానా ఈదులున్నాయి."

వాళ్ళాయన కళ్ళెం విదిలించాడు. గుమస్తా దిగబోయి దిగలేక వెనక చక్క పట్టుకుని వేలాడాడు. మా వీధంతా నవ్వింది. నేను నవ్వలేదు, బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. బెల్లం బజారులోనూ, స్టేషను దగ్గరా, గవరపాలెంలోనూ అన్నిచోట్లా ఆవిడ ఆ మాటలే చెప్పిందని సాయంత్రానికి తెలిసింది. చెప్పడం అయ్యాక హాలుకి వెళ్ళి బూరా మేనేజరు బల్ల మీద పెట్టేసి నడుచుకుంటూ ఇంటికొచ్చింది.

విచిత్రం ఏమిటంటే ఆ సాయంత్రం హాలు మళ్ళీ నిండింది. చూసినవాళ్ళే మళ్ళీ వెళ్ళారు, రాణిని లేవమని అరవడానికి. ఆ వారమంతా అదే తంతు. మేనేజరు మెత్తబడి, జరిగిందేదో జరిగింది, వచ్చి బండెక్కమని కబురు పెట్టాడు.

పిన్ని గుర్రానికి నీళ్ళు పెడుతూ కబురు తెచ్చినవాడితో అంది, "మరి అబద్దం సెప్పేనన్న మాటో? అది ఆయన ఎనక్కి తీసుకున్నాడా?"

"అదేమీ అన్లేదు. రమ్మన్నారు."

"తీసుకున్నాక రమ్మను."

అతను తీసుకోలేదు. ఆవిడ వెళ్ళలేదు. గుర్రాన్ని మాడుగుల వాళ్ళెవరికో ఇచ్చేశారు. ఆవిడ బెల్లం దిమ్మలకి తాటాకు చుట్టే పనికి కుదిరింది. తర్వాత బండి మీద అరవడానికి వచ్చినవాడు మళ్ళీ కత్తియుద్ధాలు, గుర్రపు స్వారీలు మొదలెట్టాడు. నేను అంట్లు తోముకుంటూనే ఉండేదాన్ని.

బజారుకి వెళ్ళినప్పుడు ఎప్పుడైనా కనిపించేది. చేతులు బంకగా, వాటి చుట్టూ ఈగలు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "ఆ ఒక్క ముక్కా అనేసి ఉంటే పోయేది కదా పిన్నీ?"

"అనేత్తే పోయీదే" అంది, దిమ్మ మీద తాటాకు బిగిస్తూ. "మరి కశింకోట నుంచొచ్చిన ఆ ముసిల్ది? అది ఎవుల్ని లెగమందో? లేని మనిషినా?"

 ఇప్పటికీ దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు నాకు తగల్లేదు.

మొన్న మధ్యాహ్నం వాళ్ళాయన మా దొడ్డి గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గాలి లాంటి గొంతుతో "ఎల్లిపోనాది" అన్నాడు. జ్వరమట. నేను, అత్తగారు వెళ్ళి చూసొచ్చాం. పెట్టెలో పడుకుని కూడా నుదురు ముడేసుకునే ఉంది, ఎవరో తెచ్చిన బొమ్మలో ఏదో తేలనట్టు.

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పారు. కాఫీ హోటలు దగ్గర అందరూ అదే మాట్లాడుకుంటున్నారట. "అబద్ధాలావిడ పోయిందిరా, పైన దేవుడికి ఏ సినిమా కథ అల్లి చెప్తన్నాదో" అని ఎవరో అన్నారట. చెప్తూ చిన్నగా నవ్వారు.

నేను అన్నం వడ్డించాను. మజ్జిగ పోసి గిన్నె ఠక్కున కింద పెట్టాను.

"నేనేటన్నాను? వాళ్ళు కదా అన్నది" అన్నారు.

"మీరు నవ్వారు" అన్నాను.

అత్తగారు లోపల్నుంచి "బాగా అడిగేవు" అన్నారు.

నిన్న పొద్దున్న నేను కుళాయికి వెళ్ళి వస్తుంటే, కాఫీ హోటలు ఎదురు గోడ మీద కొత్త బొమ్మ తడి ఆరకుండా ఉంది. ఇప్పుడు కాగితానికి కరువు లేదు, గోడంత బొమ్మలు వస్తున్నాయి. మళ్ళీ రాజులే, మళ్ళీ యుద్ధమే. మగవాళ్ళు గ్లాసులు పట్టుకుని రోడ్డు మీదకొచ్చి వేషగాళ్ళ పేర్లు పైకి చదువుకుంటున్నారు. అక్కడ ఆడవాళ్ళం ఆగం, తలొంచుకుని గబగబా దాటేస్తాం. నాతో వస్తున్న పక్కింటి కొత్త కోడలు నా చెవిలో, "కతేటో వదినా?" అంది.

సినిమా డబ్బాలు ఇంకా ఊళ్ళోకి దిగలేదు. నాకేం తెలుసు? నేను బిందె దించి, గోడ ముందు నిలబడి, చూసినంతసేపు చూశాను. ఏనుగు కాళ్ళ వెనక, మూలగా, వేలెడంత ముసలమ్మ ఒకర్తి గంప నెత్తిన పెట్టుకుని సైన్యానికి ఎదురుగా నడిచి వస్తోంది. హోటల్లో మాటలాగిపోయాయి. మా పెదమావగారు కూడా అక్కడే ఉన్నారని గొంతు సవరించుకోవడం వల్ల తెలిసింది.

"ఆ గంప నెత్తినెట్టుకున్న ముసిలమ్మ ఉంది చూడు" అన్నాను, హోటలు లోపల పొయ్యి దగ్గరున్నవాడికి కూడా వినపడేలా. "ఈ యుద్ధం ఆవిడది."

అని, మొదట్నుంచీ చెప్పడం మొదలెట్టాను.